విమాన బాహ్య భారం

విమాన బాహ్య భారం అనగా విమానం లోపల పట్టని వస్తువును రెక్క కింద గానీ, రెక్కను నిలిపే ఊతకడ్డీలకు గానీ, నీటి విమానమైతే ఫ్లోట్ల కాళ్ళకు గానీ బిగించి, బయటి గాలిలోనే మోసుకొనిపోవడం. కెనడా, అలాస్కా వంటి రోడ్లు లేని ప్రాంతాలలో చిన్న నీటి విమానాలకు పడవలు, కలప, ఇనుప రేకులు, వేటాడిన జంతువుల కొమ్ములు కట్టి తీసుకుపోవడం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో నీటి విమానాలకు పడవలు కట్టే ఆచారం లేదు. అయితే 2000వ దశకంలో అనంతపురం తదితర వర్షాభావ జిల్లాల మీద ఎగిరిన మేఘమథనం విమానాలు కూడా రెక్కలకు బయట అమర్చిన సామగ్రితోనే ఎగిరాయి. ఈ రెండింటికీ వర్తించే భౌతిక సూత్రాలు ఒక్కటే: బయట కట్టిన వస్తువు బరువు కన్నా అది గాలిని చెదరగొట్టే తీరు ఎక్కువ ముఖ్యం.

నీటి విమానం - నిర్మాణం

నీటి మీద వాలి, నీటి మీది నుండే ఎగరగల విమానాన్ని నీటి విమానం (సీప్లేన్) అంటారు. ఇందులో రెండు ప్రధాన రకాలు ఉన్నాయి. విమానపు మొండెమే పడవలా నీటిలో తేలితే దానిని ఎగిరే పడవ (ఫ్లయింగ్ బోట్) అంటారు. మామూలు విమానానికి చక్రాల బదులు రెండు పొడవాటి బోలు దోనెలను అమర్చితే దానిని ఫ్లోట్‌ప్లేన్ అంటారు. ఆ దోనెలే ఫ్లోట్లు. నీటి మీదా నేల మీదా వాలడానికి వీలుగా ఫ్లోట్లకు చక్రాలు కూడా ఉంటే అది ఉభయచర విమానం అవుతుంది.

రెండు ఫ్లోట్లనూ కలుపుతూ అడ్డకడ్డీలు, ఫ్లోట్లను మొండేనికి కలుపుతూ ఏటవాలు ఊతకడ్డీలు ఉంటాయి. పడవను కట్టేది ఈ కడ్డీలకే. అమెరికా ప్రమాణాల ప్రకారం ఫ్లోట్ల తేలే శక్తి, మంచినీటిలో విమానం గరిష్ఠ బరువును తేల్చడానికి కావలసిన దానికన్నా కనీసం 80 శాతం అదనంగా ఉండాలి. ఒక చోట చిల్లు పడినా విమానం మునిగిపోకుండా ఫ్లోట్లను నీరు చొరని గదులుగా విభజిస్తారు. ఫ్లోటు అడుగున మధ్యలో ఒక మెట్టు ఉంటుంది. వేగం పెరిగినపుడు ఈ మెట్టు వద్ద నీరు ఫ్లోటు నుండి విడిపోతుంది. అప్పుడే విమానం నీటిని వదిలి పైకి లేవగలుగుతుంది.

చరిత్ర

ఇంజను శక్తితో నీటి మీది నుండి మొదట ఎగిరినది ఫ్రాన్సుకు చెందిన హెన్రీ ఫాబ్ర్. ఇది 1910 మార్చి 28న జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో కెనడాలో స్టువర్ట్ గ్రాహం కర్టిస్ హెచ్.ఎస్-2ఎల్ అనే ఎగిరే పడవలో అడవుల మీద గస్తీ తిరగడంతో అక్కడ అటవీ విమానయానం (బుష్ ఫ్లయింగ్) ఆరంభమైంది. లక్షలాది సరస్సులున్న ఆ దేశంలో ప్రతి సరస్సూ ఒక విమానాశ్రయంగా ఉపయోగపడింది. అడవి మంటలను కనిపెట్టేవారు, ఖనిజాన్వేషకులు, వేటగాళ్ళు, సర్వే సిబ్బంది దీని మీద ఆధారపడ్డారు.

విమానం దిగిన తరువాత సరస్సులో తిరగడానికి వీరికి పడవ కావాలి. పడవ విమానం లోపల పట్టదు. అందుచేత దానిని ఫ్లోట్ల ఊతకడ్డీలకు కట్టే అలవాటు పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత రెండు మార్పులు ఈ పద్ధతిని విస్తరింపజేశాయి. మొదటిది, విమానాలు తయారుచేసే గ్రమ్మన్ సంస్థ అల్యూమినియంతో తేలికైన కనూ పడవలను తయారుచేయడం. వీటిలో ఐదు మీటర్లకు పైగా పొడవున్న పడవ బరువు సుమారు 34 కిలోలు మాత్రమే. రెండవది, డి హావిలాండ్ కెనడా సంస్థ నిర్మించిన బీవర్ విమానం. 1947 ఆగస్టు 16న మొదటిసారి ఎగిరిన ఈ విమానం 450 అశ్వశక్తి గల ఇంజనుతో, సుమారు 2,300 కిలోల గరిష్ఠ బరువుతో నడుస్తుంది. నూనె పీపాలను నేరుగా దొర్లించి ఎక్కించే వెడల్పు దీని తలుపులకు ఉంది. అయినా పడవ మాత్రం బయటే ఉండవలసి వచ్చింది. 1951లో ఎగిరిన ఆటర్, 1965లో ఎగిరిన ట్విన్ ఆటర్ ఇదే సంస్థ నిర్మించిన పెద్ద విమానాలు.

పడవను కట్టే పద్ధతి

సాధారణంగా ఒకే పడవను, ఒక పక్క ఫ్లోటు మీద, మొండేనికి సమాంతరంగా, మొన ముందుకు ఉండేలా నిలబెడతారు. పడవ అడుగు భాగం బయటికి, తెరిచి ఉన్న భాగం విమానం వైపుకు ఉంటాయి. తెరిచిన భాగం పైకి ఉంటే ఫ్లోట్లు చిమ్మే నీరు అందులో చేరుతుంది. ముందుకు ఉంటే గాలిని దోసిలి పట్టినట్లు పడుతుంది. కట్టేటపుడు పాటించే జాగ్రత్తలు ఇవి:

* పడవను ముందుగా తూచి, ఆ బరువును విమానం మొత్తం బరువు లెక్కలో చేర్చాలి.
* తెడ్లు, పరుపులు, తాళ్ళు వంటి విడి సామాను పడవలో ఉంచకూడదు.
* ఒక తాడు తెగినా పడవ జారకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు కట్లు వేయాలి.
* తాళ్ళ కొసలు వదులుగా ఉండకూడదు. గాలికి కొట్టుకునే తాడు కొద్దిసేపటిలోనే రేకును గీరి పాడుచేస్తుంది, ముడిని సడలిస్తుంది.
* నీటి చుక్కానుల తీగలకు గానీ, రెక్కల మీద కదిలే పలకలకు గానీ పడవ తగలకూడదు.
* తలుపుకు అడ్డం రాకుండా చూడాలి. నీటి మీద విమానం తిరగబడినపుడు లోపలివారు బయటపడే దారి అదే.

ఈ చివరి జాగ్రత్త ప్రాణాలకు సంబంధించినది. నీటి విమానాల ప్రమాదాలలో దెబ్బలు తగలకపోయినా, మునిగిన విమానం లోపలి నుండి బయటపడలేక చనిపోయినవారు ఉన్నారు. ఒక తలుపును పడవ మూసివేస్తే మిగిలేది ఒకే తలుపు.

గాలిలో కలిగే మార్పులు

వెనక్కు లాగే బలం

గాలిలో కదిలే వస్తువు మీద పనిచేసే నిరోధ బలాన్ని డ్రాగ్ అంటారు. ఇది వేగపు వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. ఉదాహరణకు వేగం గంటకు 100 కి.మీ. నుండి 140 కి.మీ.కి పెరిగితే నిరోధం దాదాపు రెట్టింపు అవుతుంది. అందుచేత బాహ్య భారంతో ఎగిరే చోదకులు మామూలు కన్నా నెమ్మదిగా ప్రయాణిస్తారు, అదనపు ఇంధనం లెక్క వేసుకుంటారు. అయితే మరీ నెమ్మదిస్తే రెక్కలు గాలిలో పట్టు కోల్పోతాయి. దీనినే స్టాల్ అంటారు. బరువు పెరిగిన కొద్దీ స్టాల్ మరింత ఎక్కువ వేగం వద్దనే వస్తుంది. అంటే బయట భారం కట్టిన విమానానికి సురక్షితమైన గరిష్ఠ వేగం తగ్గుతుంది, కనిష్ఠ వేగం పెరుగుతుంది. ఆ రెండింటి నడుమ మిగిలే వెసులుబాటు చిన్నదవుతుంది.

ఆకారం ప్రభావం: పుట్టి, కనూ

బరువు కన్నా ఆకారం ముఖ్యమని తెలుసుకోవడానికి రాయలసీమ పాఠకులకు పరిచయమైన పుట్టిని ఉదాహరణగా తీసుకోవచ్చు. తుంగభద్ర, కృష్ణా నదులలో జాలరులు వాడే గుండ్రని పడవ పుట్టి. దీనిని అరిగోలు, హరిగోలు అని కూడా పిలుస్తారు. వెదురు అల్లికకు పూర్వం తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి దీనిని తయారు చేస్తారు. చిన్న పుట్టిని ఒక మనిషి తల మీద బోర్లించుకుని ఒడ్డు వెంబడి మోసుకుపోగలడు. కనుక మోయడానికి ఇది తేలికైన పడవే.

గాలి దృష్టిలో మాత్రం లెక్క వేరు. రెండు మీటర్ల వ్యాసం గల పుట్టి వైశాల్యం సుమారు 3.14 చదరపు మీటర్లు. అది గంటకు 160 కి.మీ. వేగంలో గాలికి ఎదురుగా నిలిస్తే దాని మీద పడే నిరోధం 400 కిలోల బరువుకు పైగా ఉంటుంది. బీవర్ విమానపు ఇంజను ఆ వేగంలో ఇవ్వగల తోపుడు బలమంతా కలిపితే సుమారు 600 కిలోల ప్రాంతంలో ఉంటుంది. అదే వేగంలో మొన ముందుకు పెట్టిన సన్నని కనూ పడవ మీద పడే నిరోధం, పడవ ఒక్కదానినే లెక్కిస్తే, 10 నుండి 15 కిలోలు మాత్రమే. కట్టు తాళ్ళ వల్ల, పడవకూ మొండేనికీ మధ్య ఇరుకులో పుట్టే సుడుల వల్ల ఇది ఇంకా పెరుగుతుంది. అయినా రెండింటి నడుమ తేడా చాలా పెద్దది. పుట్టిని గాలికి అంచు తగిలేలా నిలబెడితే నిరోధం తగ్గుతుంది కానీ, పక్కగాలి వీచినపుడు అది తెరచాపలా పనిచేస్తుంది.

ఒక పక్కకు లాగడం

పడవ ఒక వైపే ఉంటుంది గనుక విమానం ముక్కు ఆ వైపుకు తిరగజూస్తుంది. పడవ వల్ల 20 కిలోల అదనపు నిరోధం, విమానం మధ్యరేఖకు 1.25 మీటర్ల దూరంలో కలిగిందనుకుంటే, దాని భ్రామకం 25 కిలోగ్రాము-మీటర్లు. తోక చుక్కాని 5 మీటర్ల వెనుక ఉంటే, విమానం నేరుగా పోవడానికి ఆ చుక్కాని ప్రయాణమంతా 5 కిలోల పక్కబలాన్ని ఇస్తూ ఉండాలి. ఈ బలం చిన్నదే. కానీ పక్కగాలిని ఎదుర్కోవడానికి మిగలవలసిన చుక్కాని శక్తిలో కొంత దీనికే ఖర్చయిపోతుంది. ఎగిరే సమయంలో పూర్తి శక్తితో తిరిగే పంకా చాలా విమానాలను ఎడమ వైపుకు తిప్పజూస్తుంది. కుడి వైపు కట్టిన పడవ కొంతవరకు దీనికి విరుగుడుగా పనిచేస్తుంది.

తోక మీద పడే సుడులు

బాహ్య భారం తెచ్చే అపాయాలలో ముందుగా పసిగట్టడానికి కష్టమైనది ఇది. పడవ దాటి వచ్చిన గాలి సుడులు తిరుగుతూ తోకకు తగులుతుంది. విమానం ముక్కును ఎత్తడానికీ దించడానికీ తోకలోని ఎలివేటరు ఆధారం. అల్లకల్లోలమైన గాలిలో దాని పట్టు తగ్గుతుంది, చోదకుని చేతిలోని కర్ర వణుకుతుంది. వెనుక భాగం చదునుగా తెగినట్లుండే మోటారు పడవలతో ఈ ఇబ్బంది ఎక్కువ. నీటి మీద నెమ్మదిగా కదిలేటపుడు ఇది బయటపడదు. విమానం గాలిలోకి లేచిన తరువాతే తెలుస్తుంది. కనుక కొత్త రకం భారం కట్టినపుడు ముందుగా ప్రయాణికులు లేకుండా, తిన్నగా, తక్కువ ఎత్తులో పరీక్షించి, ఏ మాత్రం వణుకు కనిపించినా ఎదురుగా ఉన్న నీటి మీదనే దిగిపోవాలని అనుభవజ్ఞులు చెబుతారు.

గరిమనాభి

మొత్తం బరువు పరిమితిలో ఉన్నా, గరిమనాభి నిర్ణీత హద్దులు దాటితే విమానం అదుపు తప్పుతుంది. పడవను కొద్దిగా వెనుకకు జరిపి కడితే తోక బరువెక్కుతుంది. అటువంటి విమానం స్టాల్ అయితే ముక్కు సులభంగా కిందికి దిగదు, తిరిగి వేగం పుంజుకోవడం కష్టమవుతుంది.

అనంతపురం పీఠభూమి - వేడి ప్రభావం

విమానం ఎంత భారం మోయగలదన్నది గాలి సాంద్రత మీద కూడా ఆధారపడుతుంది. ఉత్తర దేశాల సరస్సుల వద్ద గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది. అనంతపురం ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంది, వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఈ జిల్లాలో పెన్నా నది మీద మిడ్ పెన్నార్ జలాశయం, పెన్న అహోబిలం సమతుల్య జలాశయం ఉన్నాయి. ఇవి తుంగభద్ర ఎగువ కాలువ నీటితో నిండుతాయి. ఇటువంటి జలాశయం మీది నుండి ఒక నీటి విమానం వేసవి మధ్యాహ్నం ఎగరవలసి వస్తే ఏమవుతుందో ఇలా ఊహించవచ్చు.

350 మీటర్ల ఎత్తులో, 40 డిగ్రీల వేడిలో పొడి గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.08 కిలోలు. ప్రామాణిక సముద్రమట్టపు విలువ 1.225 కిలోలు. అంటే గాలి సుమారు 12 శాతం పలుచన. ఆ విమానం దాదాపు 1,300 మీటర్ల ఎత్తున ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. నీటిని వదలడానికి దానికి సుమారు 6 శాతం ఎక్కువ వేగం కావాలి. అదే సమయంలో ఇంజను, పంకా ఇచ్చే శక్తి తగ్గుతుంది. నీటి మీద పరుగు తీసే దూరం ఈ రెండు కారణాల వల్లా పెరుగుతుంది. పడవ కట్టడం వలన వచ్చే నిరోధం దీనికి తోడైతే విమానం అసలు మెట్టు మీదికి లేవకపోవచ్చు. గాలి బొత్తిగా లేక నీరు అద్దంలా ఉన్నపుడు ఫ్లోట్లను నీరు మరింతగా అంటిపెట్టుకుంటుంది. ఒక సరస్సు వద్ద ఉదయం సరిపోయిన భారం అదే చోట మధ్యాహ్నం ఎక్కువ కావచ్చు.

మేఘమథనం విమానాలు

అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఇది ఒకటి. వేరుశనగ ప్రధాన పంటగా గల ఈ జిల్లాలో, గింజ ఊరే సమయంలో ఒక్క వాన తప్పినా పంట పోతుంది. ఈ నేపథ్యంలో 2000వ దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్షాభావ జిల్లాలలో మేఘమథనం (క్లౌడ్ సీడింగ్) కార్యక్రమాన్ని అమలు చేసింది.

మేఘమథనంలో రసాయనాలు నింపిన గొట్టాల వంటి ఫ్లేర్లను విమానపు రెక్కల వెనుక అంచుకు చట్రాలతో బిగిస్తారు. చోదకుడు మీట నొక్కితే అవి ఉన్నచోటనే మండి పొగను వదులుతాయి. శీతల మేఘాలలో సిల్వర్ అయొడైడ్, వెచ్చని మేఘాల అడుగున కాల్షియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ వంటి లవణాలు వాడతారు. సిల్వర్ అయొడైడ్ గుణాన్ని 1946లో అమెరికాలో బెర్నార్డ్ వానగట్ కనుగొన్నాడు.

ఇది కూడా బాహ్య భారమే. కానీ పడవ కట్టడానికీ దీనికీ మూడు తేడాలు ఉన్నాయి. ఫ్లేర్లు రెండు రెక్కలకూ సమానంగా ఉంటాయి గనుక విమానం పక్కకు లాగదు. అవి సన్నగా, గాలి దిశలోనే ఉంటాయి. వాటి చట్రాలను ముందే పరీక్షించి అనుమతి పొందుతారు. ఇంత చేసినా, ఎదుగుతున్న మేఘాల పక్కన, సుడిగాలుల నడుమ ఎగరవలసి ఉండడం వలన మేఘమథనం చోదకులకు కష్టమైన పనే.

మేఘమథనం ఎంత వాన తెస్తుందన్నది చాలాకాలం వివాదాస్పదంగా ఉంది. వాన పడ్డాక, అది మథనం వల్ల పడిందా, ఎలాగూ పడేదా అని తేల్చడం కష్టం. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 2009లో కైపీక్స్ అనే ప్రయోగాన్ని ప్రారంభించింది. ఇందులో భాగంగా 2018, 2019 వానాకాలాలలో మహారాష్ట్రలోని షోలాపూర్ వద్ద జరిపిన పరీక్షలలో, అనుకూల పరిస్థితులలో కొన్ని చోట్ల వర్షపాతం సుమారు 18 శాతం పెరిగినట్లు 2023లో వెల్లడించారు. మేఘమే లేని ఆకాశంలో ఈ పద్ధతి పనిచేయదు.

నిబంధనలు

కెనడా నిబంధనల ప్రకారం, విమానానికి ఇచ్చిన రకపు ధ్రువపత్రంలో గానీ దాని అనుబంధ పత్రంలో గానీ అనుమతి ఉంటే తప్ప, వాణిజ్య విమానాలు బయట భారం కట్టి ప్రయాణికులను ఎక్కించుకోరాదు. అమెరికాలో బాహ్య భారాలకు ప్రత్యేకించిన 133వ భాగం హెలికాప్టర్లకే వర్తిస్తుంది. రెక్కల విమానాలకు విడివిడిగా అనుమతి తీసుకోవాలి. నియంత్రిత వర్గం (రిస్ట్రిక్టెడ్ కేటగిరీ) కింద అనుమతి పొందిన విమానంలో డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించరాదు. భారతదేశంలో విమానానికి చేసే మార్పులను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది.

ప్రమాదాలు

2023 సెప్టెంబరు 12న అలాస్కాలోని సెయింట్ మేరీస్ సమీపంలో ఒక పైపర్ సూపర్ కబ్ విమానం కూలి చోదకుడు మరణించాడు. ఇది నీటి విమానం కాదు, చక్రాల విమానం. వేటాడిన దుప్పి జాతి జంతువు మాంసాన్ని లోపల, కొమ్ములను కుడి రెక్క ఊతకడ్డీకి కట్టి తీసుకుపోతుండగా ప్రమాదం జరిగింది. విమానం ఎగిరేటపుడు అనుమతించిన బరువును మించి ఉందనీ, కొమ్ములను అలా కట్టడానికి అనుమతి లేదనీ దర్యాప్తులో తేలింది. కొమ్ముల బరువు తక్కువే అయినా, వాటి వెడల్పాటి ఆకారం గాలిని అడ్డుకుంటుంది. చోదకుడు అనుభవజ్ఞుడే కావడం గమనించదగినది. అంతకుముందు ఎన్నోసార్లు సాగిన పద్ధతి, గాలి, బరువు, కొండవాలు ఒకేసారి ప్రతికూలించినపుడు సాగదు.

భారతదేశంలో నీటి విమానాలు

భారతదేశంలో 2010 డిసెంబరులో అండమాన్ దీవులలో జల్ హంస్ పేరుతో, 2020 అక్టోబరు 31న గుజరాత్‌లో సబర్మతి నుండి ఐక్యతా విగ్రహం వరకు నీటి విమాన సేవలు మొదలయ్యాయి. రెండూ తరువాత నిలిచిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుండి శ్రీశైలం వరకు ట్విన్ ఆటర్ విమానంతో ప్రదర్శన యానం జరిగింది. ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు, కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు అందులో ప్రయాణించారు. ఇవన్నీ ప్రయాణికుల కోసం ఉద్దేశించినవి.

ప్రత్యామ్నాయాలు

పడవను బయట కట్టనవసరం లేకుండా చేసే మార్గాలు కొన్ని ఉన్నాయి. గాలి తీసి చుట్టగల రబ్బరు పడవలు, విడదీసి లోపల పెట్టగల మడత పడవలు వీటిలో ముఖ్యమైనవి. వరదల సమయంలో మన దేశంలో సహాయక దళాలు వాడేది ఇటువంటి రబ్బరు పడవలనే. కెనడాలో వేట, చేపల శిబిరాలు నడిపేవారు పడవలను ఒకసారి చేర్చి సరస్సు ఒడ్డునే ఉంచుతారు. పెద్ద వస్తువులకు హెలికాప్టరు కింద వేలాడదీసే పద్ధతి ఉంది. అత్యవసరమైతే హెలికాప్టరు చోదకుడు ఆ భారాన్ని వెంటనే వదిలివేయగలడు. ఫ్లోటుకు తాళ్ళతో కట్టిన పడవను గాలిలో వదిలివేసే వీలు లేదు. కట్టిన దానితోనే కిందికి దిగాలి గనుక, కట్టాలా వద్దా అన్న నిర్ణయం ఒడ్డున ఉండగానే జరగాలి.

ఇవి కూడా చూడండి

* నీటి విమానం
* మేఘమథనం
* పుట్టి
* అనంతపురం జిల్లా
* పెన్నా నది